వివాదం లేని ఊరూ ఒక ఊరేనా?

కోరాపుట్ జిల్లాలో తీరిగ్గా ఒక రోజు కారు తిప్పుదామనుకునేవారికి నాదొక మనవి. దేవమాలి కొండను పొద్దున్నే కానిచ్చేయండి. 1,672 మీటర్లు, ఒడిశాలో అంతకు మించిన ఎత్తు లేదు. మబ్బులు కాళ్ల దగ్గర తచ్చాడుతుంటే జనం వాటికి వీపు తిప్పి సెల్ఫీలు దిగుతుంటారు. శుక్రవారమైతే కుందులి సంతలో అల్లం, పసుపు బేరమాడండి. ఇవన్నీ ఎవరైనా చూపిస్తారు. చూసి తీరాల్సింది మాత్రం ఆంధ్రా, ఒడిశా రెండూ మాదంటే మాదనే సరిహద్దు ఊళ్ల గుంపు కొటియా.

1936లో ఒడిశా వేరుపడ్డప్పుడు ఇక్కడి 21 ఊళ్ల లెక్క తేలలేదు. 1968లో ఒడిశా సుప్రీంకోర్టు మెట్లెక్కింది. 2006లో కోర్టు సాంకేతిక కారణాలతో కేసు ముగించి, ఉన్నది ఉన్నట్టే ఉండనివ్వమంది. 38 ఏళ్లు ఆలోచిస్తే తప్ప ఇంత గొప్ప మాట రాదు. ఎందుకంటే ఉన్నది మామూలుగా లేదు. చాలామందికి రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు. ఇటు పొట్టంగి ఎమ్మెల్యే మావాళ్లే అంటారు, అటు సాలూరు ఎమ్మెల్యే మావాళ్లే అంటారు. 2021లో ఆంధ్రా ఇక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే, కోర్టు ధిక్కారమంటూ ఒడిశా మళ్లీ ఢిల్లీకి పరిగెత్తింది. రెంటికీ చెడ్డ రేవడి అంటారు పెద్దలు. ఇది రెంటికీ కావలసిన రేవడి.

విజయనగరం నుంచి వచ్చిన మా బావగారు టీకొట్టు దగ్గర కారాపించారు. మా ఒడిశా నంబరు ప్లేటు చూసి కొట్టాయన ఒడియాలో పలకరించాడు. మా గొంతు విని, గ్లాసులోకి పోస్తున్న టీ తొణక్కుండానే తెలుగులోకి వచ్చేశాడు. "ఇంతకీ మీది ఏ రాష్ట్రం?" అన్నారు బావగారు. "ఎవరొస్తే వాళ్లది బాబూ" అని చిల్లర చేతిలో పెట్టాడు.

ఒకవైపు అధికారులొస్తే రెండోవైపు వాళ్లు దారికి అడ్డం పడతారని కొందరు బాధపడతారు. నాకైతే అందులో బాధేమీ కనిపించదు. మిగతా కొండల్లో అధికారిని రప్పించడానికి అర్జీలు పెట్టాలి. ఇక్కడ రాకుండా ఆపాల్సి వస్తోంది!

అక్కడి నుంచి ఇంకో ఊరికి బయల్దేరాం. అది ఎవరిదో ఎవరికీ అనుమానం లేదు, అందుకే ఎవరూ అటు వెళ్లరు. వాగు దగ్గరికొచ్చేసరికి రోడ్డు ఆగిపోయింది. అవతలి గట్టున ఇద్దరు డోలీ కర్ర భుజాన వేసుకుని వస్తున్నారు. డోలీ ఖాళీగా ఉంది, రోగిని దింపేసి వస్తున్నట్టున్నారు. "మావైపు కొండల్లోనూ ఇదే వరస బావా" అన్నారు బావగారు. ఆ ఒక్క విషయంలో రెండు రాష్ట్రాల మధ్యా ఏ తగాదా లేదు.

కాబట్టి ప్రభుత్వాలు వెంటనే వివాదాల మంజూరు శాఖ ఒకటి తెరవాలి. సరిహద్దు దగ్గర్లో లేవన్న సాకుతో లోపలి ఊళ్లకు అన్యాయం చేయకూడదు. వాటికి ప్రత్యేక కోటా ఇవ్వాలి. దరఖాస్తు నమూనా నేనే రాసి పెట్టాను. వివాదం కోరుటకు కారణం: వాగుకు వంతెన లేదు. ప్రత్యర్థి రాష్ట్రం: ఏదైనా ఫరవాలేదు.