పరిహారం అడగాలంటే ముందు ఆధారాలు దాచుకోండి

కంపెనీల నుంచి వ్యక్తిగత వివరాలు లీకైన వారు పరిహారం పొందడం గురించి ఈమధ్య ఒక వ్యాసం చదివాను; వారికి కోర్టు ఒక్కటే దారి అన్నట్టు అది సాగింది. నేను ఒప్పుకోను. కోర్టుకు వెళ్లేలోపే చేయవలసిన పని చాలా ఉంది, కేసు నిలబడేదీ దాని మీదే.

కంపెనీ పంపిన నోటీసును దయచేసి తొలగించకండి. ఏయే వివరాలు పోయాయో, మనకు ఎప్పుడు చెప్పారో దాన్ని బట్టే తేలుతుంది. పాస్‌వర్డ్ పోతే మార్చుకోగలం. పుట్టిన తేదీ పోతే ఏం చేయగలం? ఆ తర్వాత వచ్చే మోసపు సందేశాలు, మనం చేయని బ్యాంకు లావాదేవీలు, పెట్టిన ఖర్చుల రశీదులు అన్నీ తేదీలతో సహా భద్రపరచాలి.

2017లో జనం రుణ చరిత్రను నమోదు చేసే అమెరికా సంస్థ ఈక్విఫాక్స్ నుంచి దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. ఆ కేసు రాజీలో ఒక్కొక్కరికి 125 డాలర్ల వరకు ఇస్తామన్నారు కానీ, అందుకు కేటాయించిన నిధి 3.1 కోట్ల డాలర్లే. దరఖాస్తులు వెల్లువెత్తడంతో చేతికి వచ్చింది చాలా తక్కువ. నష్టాన్ని కాగితాలతో చూపగలిగినవారికి మాత్రం 20,000 డాలర్ల వరకు అడిగే వీలుండేది. తేడా అంతా రశీదులదే!

ఐరోపా సమాఖ్యలో మానసిక వేదనకూ పరిహారం కోరవచ్చు. వివరాలు దుర్వినియోగమవుతాయన్న భయం కూడా నష్టమే కావచ్చని అక్కడి అత్యున్నత న్యాయస్థానం 2023 డిసెంబరులో చెప్పింది. అయితే దాన్ని నిరూపించుకోవలసింది బాధితుడే.

వ్యక్తిగత వివరాల రక్షణను చూసే ప్రభుత్వ నియంత్రణ సంస్థకు ఫిర్యాదు చేయడానికి లాయరు అక్కర్లేదు. కంపెనీకి వారు వేసే జరిమానా సాధారణంగా మన చేతికి రాదు, కానీ వారి దర్యాప్తు నివేదిక రేపు మన దావాకు బలమవుతుంది. బాధితులందరి తరఫున కలిపి వేసే సామూహిక దావాలో రాజీ కుదిరితే గడువు తేదీ తప్పక చూడండి. అమెరికాలో ఆలోగా ఆ దావా నుంచి తప్పుకోకపోతే విడిగా కేసు వేసే హక్కు సాధారణంగా పోతుంది.