సద్దుల నాడు ఆయమ్మకు ఎంత?

పోయినేడు సద్దుల బతుకమ్మ సాయంత్రం హనుమకొండ పద్మాక్షి గుట్ట కింద చూసిన సంగతి ఇది. ఏడాదిన్నర పిల్లాడిని చంకనేసుకుని, వాడిని చూసుకునే ఆయమ్మ ఒకామె గట్టు మీద నిలబడింది. పిల్లాడి తల్లి కింద ఆడుతోంది. ఈమె భుజాన డైపర్ల సంచి, చేతిలో పాల సీసా, పాట మాత్రం పెదాల మీద సన్నగా నడుస్తోంది. మీ బతుకమ్మ ఏదమ్మా అంటే ‘పొద్దున ఏడింటికే రమ్మన్నరు, తంగేడు పూలు కూడ తేలేదు, మా బిడ్డే ఇంటికాడ ఏదో పేర్చుకున్నదట’ అంది. ఈ రోజుకు జీతం కాక పైన ఏమన్నా ఇస్తారా అని అడిగితే నవ్వింది. ‘చీర పెట్టిన్రు కదా.’

మా పేచీ ఆ చీరతోనే. చీర పెట్టడం మర్యాద, పెట్టండి, మంచిదే పెట్టండి, కానీ దాన్ని పండుగ రోజు కూలి ఖాతాలో రాసుకోకండి. దసరా నాడు చౌరస్తాలో ఆటో ఎక్కితే రేటు డబుల్ చెబుతాడు, కాసేపు గొణిగి ఇస్తాం. పూలవాళ్లు ఆ రోజు గునుగు కట్ట ఎంత చెబితే అంత. పిల్లాడిని పదమూడు గంటలు చూసుకున్న మనిషి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘మా ఇంట్లో మనిషే కదా’ అనే మాట వస్తుంది.

సింగరేణి ఇళ్లలో ఈ లెక్క ఎవరికీ కొత్త కాదు. ప్లే డే, అంటే వారపు సెలవు నాడు, మస్టరు పడిందంటే మామూలు రోజు కన్నా కూలి ఎక్కువని గోదావరిఖనిలో, భూపాలపల్లిలో చిన్నపిల్లలు కూడా చెబుతారు. దుకాణాలకు, కార్ఖానాలకు 1974 నాటి సెలవుల చట్టం ఉంది, పండుగ సెలవు నాడు పనికి పిలిస్తే రెట్టింపు కూలి ఇవ్వాలి, లేకుంటే ఆ రోజు కూలితో పాటు బదులుగా ఇంకో రోజు సెలవైనా ఇవ్వాలి. ఇల్లు దుకాణం కాదు గనుక ఆయమ్మకు అది అందదు. ఇళ్లలో పనిచేసేవాళ్లకు వారానికి వరుసగా 24 గంటల విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఒప్పందం చేస్తే మన దేశం అనుకూలంగా ఓటేసి వచ్చింది, ఆమోదముద్ర మాత్రం వేయలేదు. వీళ్ల కోసం చట్టం సంగతి చూడండని సుప్రీంకోర్టు 2025 జనవరిలో కేంద్రానికి చెప్పింది. ఆ చట్టం ఎప్పుడొస్తుందో గానీ దసరా మాత్రం ఏటా వస్తుంది, కాబట్టి రేటు మన ఇంట్లోనే తేల్చుకోవాలి.

మొదట రోజు కూలి లెక్క సరిగ్గా కట్టాలి. నెలకు 12,000 ఇస్తున్నారనుకుందాం. చాలామంది దాన్ని ముప్పైతో భాగించి 400 అంటారు, అది తప్పు లెక్క. ఆదివారాలు తీసేస్తే పని చేసేది 26 రోజులు, అంటే రోజుకు 461 రూపాయల చిల్లర. (ఆదివారం కూడా రప్పించుకునే ఇళ్లున్నాయి, వాళ్ల సంగతి ఇంకో రోజు మాట్లాడుకుందాం.) ఆయమ్మకూ పండుగ సెలవును జీతంతో కూడిన సెలవుగానే లెక్కేస్తే ఆ రోజు కూలి నెల జీతంలో ఎట్లాగూ ఆమెదే. ఆ రోజు పనికి పిలిస్తే దానిపైన ఇంకో రోజు కూలి ఇవ్వాలి, అప్పుడే అది రెట్టింపు. సద్దులు, దసరా లాంటి పెద్ద పండుగైతే పైన రెండు రోజుల కూలి, అంటే 923 రూపాయలు ఇవ్వాలని మేమంటాం, చిల్లర వెతక్కుండా వెయ్యి చేతిలో పెడితే ఇంకా మంచిది. ‘ఒక్క పూటే’ అని పిలిచినా పూర్తి రోజు కిందే లెక్క, ఎందుకంటే ఆమె పండుగ పోయేది పూటతో కాదు. రాత్రి పొద్దుపోతే ఆటో కిరాయి మీదే. ఇక పెద్ద పండుగ ఏదన్నది ఆమె చెప్పాలి, మీరు కాదు. క్రిస్మస్ చేసుకునేవాళ్లున్నారు, రంజాన్ చేసుకునేవాళ్లున్నారు, మేడారం జాతరకు రెండేళ్లు ఎదురుచూసేవాళ్లున్నారు.

రెండో వైపూ చూడాలి. పిల్లను ఆయమ్మకు అప్పగించి పండుగ నాడు డ్యూటీకి పోయేవాళ్లంతా ఉన్నవాళ్లేం కాదు. ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు ఉంటుంది, జాతర స్పెషల్ బస్సులో కండక్టర్ ఉంటుంది. వాళ్లకొచ్చే జీతంలో వెయ్యి తీయడం కష్టమే. అలాంటప్పుడు పైన ఒక రోజు కూలి ఇచ్చి ఇంకో రోజు సెలవు ఇవ్వండి. అయితే ఆ సెలవు ఏ రోజో అప్పుడే చెప్పాలి. మీకు పండుగ డ్యూటీ పడితే సీ ఆఫ్ (బదులు సెలవు) ఎప్పుడని అదే రోజు అడుగుతారు కదా! ‘తర్వాత చూద్దాం లే’ అన్న సెలవు ఎవరికీ దొరకదు.

అన్నిటికన్నా అన్యాయం ఇంకోటుంది. సంక్రాంతికి మీరే ఐదు రోజులు ఊరికి పోయి, వచ్చాక ఆ ఐదు రోజులను నాగా కింద రాసి జీతం కోయడం. తాళం వేసుకుని పోయింది మీరు. ఆమె రానన్నదా? ఈ కోత మానేయడానికి చట్టం అక్కర్లేదు, ఈ నెల నుంచే మానేయొచ్చు.

అట్లా ఇస్తే అలవాటు పడతారని కొందరంటారు. పడనివ్వండి, మనకు బోనస్ అలవాటు కాలేదా? తొమ్మిది రోజుల బతుకమ్మే ఆరో రోజు అలిగి ఆట మానేస్తుంది, ఆయమ్మకు ఒక రోజు తనది కావద్దా?

పనిలో పెట్టుకున్న రోజే గోడ మీది క్యాలెండర్ దించి, ఆమె రాని రోజులకు, వస్తే డబుల్ పడే రోజులకు పెన్నుతో సున్నాలు చుట్టి పక్కన రేటు రాయండి. పండుగ ముందు రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి ‘రేపొక్క పూట రావా అమ్మా’ అంటే ఆమె కాదనలేదు, పని పోతుందని భయం. పది రోజుల ముందు రేటు చెప్పి అడిగితే వస్తాననొచ్చు, రాననొచ్చు. రాను అంటే ఆ రోజు ఇంట్లో అమ్మో నాన్నో ఒకరు సెలవు పెట్టుకోవాల్సిందే.