కడుపు నిండిన పిల్లి పిట్టను వదిలిపెడుతుందా?

విజయవాడ కాలనీల వాట్సాప్‌లలో ఒక సలహా చక్కర్లు కొడుతోంది: వీధిపిల్లులకు రోజూ అన్నం పెడితే పిట్టల జోలికి పోవు, మెడలో గంట కడితే ఇంకా మేలు, ఎలుకల బెడదా తీరుతుంది, మరీ ఎక్కువైతే కొండపల్లి అడవిలో వదిలేయండి, ఎలాగూ అవి అడవి జంతువులే. రాసినవాళ్ల జాలిని తప్పుపట్టలేం. సలహాలు మాత్రం నిలబడవు.

పిల్లికి ఆకలి వేరు, వేట వేరు. నిండు కడుపుతోనూ కదిలేదాని మీద దూకుతుంది. ఇంగ్లండులో ఎక్సిటర్ విశ్వవిద్యాలయం వాళ్లు 2021లో ప్రచురించిన అధ్యయనంలో, మాంసం ఎక్కువున్న మేత పెడితే పెంపుడు పిల్లులు ఇంటికి తెచ్చే వేట 36 శాతం తగ్గింది. రోజూ 5-10 నిమిషాలు ఆడిస్తే 25 శాతం. తగ్గింది, ఆగలేదు. మనం పెట్టేదేమో పెరుగన్నం! గంటవల్ల అక్కడ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పిగిలిపిట్ట పిల్లలు సరిగా ఎగరడం రాకముందే గూడు దిగి పొదల్లో చేరతాయి; గంట వినిపించినా ఎక్కడికి పోతాయి?

చిట్టెలుకను పిల్లి పడుతుంది, నిజమే. పెద్ద ఎలుక జోలికి పోవడం అరుదు. న్యూయార్క్‌లో ఒకచోట ఐదు నెలలు కెమెరాలు పెట్టి చూస్తే పిల్లులు చంపిన ఎలుకలు రెండే. పైగా రాత్రంతా గిన్నెలో మిగిలిన అన్నం పందికొక్కులకు విందు.

అన్నిటికన్నా చెడ్డది కొండపల్లి సలహా. మన పెంపుడు పిల్లి వంశం ఆఫ్రికా, పశ్చిమాసియాల అడవిపిల్లిది. ఇక్కడి అడవిపిల్లి వేరే జాతి. దానికి వీధిపిల్లులనుంచి రోగాలు అంటుకోవచ్చు, రెండూ కలిసి సంకరమూ కావచ్చు. ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం కూడా.

అలాగని పిల్లులకు విషం పెట్టమనేవాళ్లు చూపే లెక్క, అవి ఏటా 130 నుంచి 400 కోట్ల పక్షుల్ని చంపుతాయన్నది, అమెరికాది. దాన్ని విజయవాడకు అంటగట్టకూడదు.

పనికొచ్చేది కుటుంబ నియంత్రణ ఆపరేషన్. డాక్టరు తేదీ ఇచ్చాకే బోను పెట్టండి. పెద్ద పిల్లులకు ముందురోజు రాత్రి నుంచి తిండి ఆపాలి. అప్పుడే బోనులోకి వస్తాయి, మత్తులో వాంతయి ఊపిరితిత్తుల్లోకి పోయే ముప్పూ తగ్గుతుంది. కూనలకు అంతసేపు పస్తు పనికిరాదు. ఎరగా చిటికెడు ఎండుచేప చాలు. తలుపు పడగానే దుప్పటి కప్పాలి, లేకపోతే ఊచలకేసి మూతి పగలగొట్టుకుంటుంది. చన్నులు ఉబ్బి ఉంటే ముందు పిల్లల్ని వెతకండి. మత్తులో ఉండగానే ఎడమ చెవి కొన కత్తిరిస్తే మళ్లీ పట్టకుండా గుర్తు. సగం పిల్లుల్ని ఆపరేషన్ చేయించకుండా వదిలేస్తే శ్రమ వృథా: అయిదో నెలకే ఎదకు వస్తాయి, చూలు 63-65 రోజులే.

ఆపరేషన్ అయిన పిల్లీ వేటాడుతుంది. సంఖ్య తగ్గాకే పిట్టలకు మేలు. ఈలోగా మేత పగలే పెట్టి, అరగంటలో గిన్నె తీసేయండి. ఇంటి పిల్లిని సాయంత్రం నుంచి తెల్లవారి ఎండెక్కేదాకా లోపలే ఉంచండి.