ధ్యానం చేద్దాం, బీపీ మాత్ర మానొద్దు

మొన్న ఇక్కడ న్యూజెర్సీలో మన ఉగాది వేడుకల్లో పంచాంగ శ్రవణం అయ్యాక, పిల్లల కూచిపూడికి ముందు, ఒక అతిథి ధ్యానం గురించి అరగంట మాట్లాడారు. మంచి వక్త. అల్లరి చేసే పిల్లలు కూడా కాసేపు కుదురుగా కూర్చుని విన్నారు. ఆయన చెప్పినదాంట్లో చాలాభాగం నాకూ నచ్చింది. అయితే చివర్లో తెర మీద మెదడు బొమ్మ ఒకటి వేసి, "ఎనిమిది వారాల్లో మెదడే మారిపోతుందని హార్వర్డ్ నిరూపించింది. ఇంక బీపీకి, షుగర్‌కి జీవితాంతం మందులెందుకు?" అన్నారు. హాలంతా చప్పట్లు.

నేనప్పుడు తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. మా హెల్త్ క్యాంప్ టేబుల్‌కి ఈసారి ఇచ్చిన చోటు వరండాలో, కోట్లు తగిలించే స్టాండ్ పక్కన. కాసేపటికి మేమంతా బాబాయిగారూ అని పిలిచే ఒక పెద్దాయన అటు వచ్చారు. "నాకిప్పుడు ఇవన్నీ అక్కర్లేదమ్మా, ధ్యానం పట్టుకున్నాక మాత్రలు మానేశాను" అన్నారు, సంతోషంగా. ఇలాంటి ప్రసంగాలు ఆయన ముందు నుంచీ వింటున్నారట. పిన్నిగారు వదల్లేదు, చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టారు. పై అంకె 180 దాటింది. నర్సు కాసేపు ఆగి, రెండో చేతికి పట్టీ చుట్టి మళ్లీ చూసింది. తగ్గలేదు. మాతో ఉన్న డాక్టరుగారు ఆయన ఫోన్ తీయించి, ఆదివారమైనా సరే, ఆయన డాక్టరు ఆఫీసులో ఆన్‌కాల్‌లో ఉన్నవాళ్లతో అక్కడికక్కడే మాట్లాడించారు. పిన్నిగారి మొహం చూడలేకపోయాను. మాత్రలు మానేసిన సంగతి ఆవిడకీ అప్పుడే తెలిసింది.

ఆ బాధతోనే ఇది రాస్తున్నాను. నా కోపం ధ్యానం మీద కాదు. ధ్యానం పేరు చెప్పి, సైన్స్ పేరు చెప్పి, మన స్టేజీ మీద అనకూడని మాట అన్నందుకు, అది విని మనమందరం చప్పట్లు కొట్టినందుకు.

మనలో ఎంతమంది క్లినికల్ ట్రయల్స్ డేటా మీద బతుకుతున్నారో మీకు తెలుసు. మన ఎడిసన్, ఇజెలిన్ ఊళ్లలో వీధికో సాస్ (గణాంకాల లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్) ప్రోగ్రామర్ ఉంటారు. నేనూ అదే పని చేస్తాను. ఒక మందు పనిచేసిందా లేదా అని తేల్చే పట్టికలు మన తెలుగువాళ్ల చేతుల మీదుగా ఎన్నో వెళుతున్నాయి. ఎంతమంది మీద చూశారు, పోల్చి చూడటానికి రెండో గుంపు ఉందా, మధ్యలో మానేసినవాళ్లను లెక్కలో కలిపారా అని ఆఫీసులో రోజూ అడుగుతాం. ఉగాది స్టేజీ మీద మాట విన్నప్పుడు కూడా అవే ప్రశ్నలు అడగాలి.

ఆ మెదడు బొమ్మ సంగతే చూడండి. ఆయన చెప్పింది 2011లో వచ్చిన పరిశోధన గురించి అనుకుంటున్నాను. ఎనిమిది వారాల ధ్యానం కోర్సు చేసిన 16 మందిని, చెయ్యని 17 మందిని ఎమ్మారై తీసి పోల్చారు. మెదడులో కొన్నిచోట్ల బూడిద రంగు పదార్థం పెరిగినట్టు కనిపించింది. ఆసక్తికరమైన ఫలితమే. కానీ 16 మంది! తర్వాత 2022లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్లు రెండు వందల మందికి పైగా మనుషుల మీద, ఎవరు ఏ గుంపులో ఉండాలో చీటీ తీసినట్టు నిర్ణయించి, అదే కోర్సుతో మళ్లీ చూశారు. మెదడు ఆకారంలో మార్పేమీ కనబడలేదు. ఆ బృందంలో రిచర్డ్ డేవిడ్‌సన్ ఉన్నారు. దలైలామాకు దగ్గరివాడు, ధ్యానం మీద పరిశోధనకే జీవితం ఇచ్చినవాడు. తాను ప్రేమించిన విషయంలో అనుకున్నది కనబడలేదని ఆ బృందమే అచ్చు వేసింది. ఆ నిజాయితీకి నేను నమస్కారం పెడతాను. తెర మీద ఆ రెండో పరిశోధన కూడా ఉండాల్సింది.

ఈ ప్రశ్నలు అడగడం పాశ్చాత్యుల అలవాటని, మనకు నమ్మకం చాలని కొందరంటారు. నేను ఒప్పుకోను. 1961లోనే ఢిల్లీ ఎయిమ్స్‌లో బి.కె. ఆనంద్, ఛీనా, బల్దేవ్ సింగ్ యోగుల తలకు తీగలు అమర్చి, సమాధిలో ఉన్నప్పుడు మెదడు తరంగాలు ఎలా ఉంటున్నాయో రాసుకున్నారు. చుట్టూ చప్పుడు చేసినా, వేడి తగిలించినా ఆల్ఫా తరంగాలు, అంటే మనసు నిశ్చలంగా ఉన్నప్పుడు కనిపించే మెదడు తరంగాలు, చెదరలేదని గమనించారు. రామానంద యోగి అనే ఆయన గాలి చొరబడని పెట్టెలో కూర్చుంటే, ఎంత ఆక్సిజన్ వాడుతున్నారో కొలిచారు. వాళ్లు యోగులను గౌరవించారు, గౌరవిస్తూనే కొలిచారు. ధ్యానంతో ఒంటికి కలిగే విశ్రాంతి గురించి హార్వర్డ్ డాక్టర్ హెర్బర్ట్ బెన్సన్ రాసిన పుస్తకం 1975లో వచ్చింది. పైన చెప్పిన ఎనిమిది వారాల కోర్సును జాన్ కబాట్-జిన్ మసాచుసెట్స్‌లో మొదలుపెట్టింది 1979లో. మనవాళ్లు అంతకు ముందే కొలతలు తీసుకున్నారు.

ఇప్పుడు మా అమ్మ సంగతి చెప్పాలి. నాన్న పోయిన ఏడాది అమ్మను తెనాలి నుంచి ఇక్కడికి తీసుకొచ్చాం. అక్కడ అమ్మ రోజు ఎలా గడిచేదంటే, తెల్లవారుజామునే లేచి, వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు వేసి, స్నానం చేసి, దేవుడి దగ్గర కూర్చుని విష్ణు సహస్రనామం. నాన్న పేపర్ చదువుకుంటూ మధ్యమధ్యలో తప్పు పట్టేవారు, అమ్మ కళ్లు తెరవకుండానే విసుక్కునేది. ఆ కూర్చోవడాన్ని ధ్యానమని మా ఇంట్లో ఎవరూ అనలేదు. పొద్దున పని, అంతే.

ఇక్కడికి వచ్చాక వాకిలి లేదు. రెండో అంతస్తు అపార్ట్‌మెంటు. మొదటి వారంలోనే సాంబ్రాణి వెలిగిస్తే స్మోక్ అలారం మోగి, కింద ఇంటివాళ్లు బయటికి వచ్చారు. అమ్మ ఆ రోజు నుంచి ధూపం మానేసింది. మేమిద్దరం ఏడున్నరకే ఆఫీసుకి, పిల్లాడు స్కూలుకి. బయట మంచు. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని కార్లు లెక్కపెట్టేది. రాత్రి నిద్ర లేదు, గుండె దడ. ఈసీజీ తీశారు, థైరాయిడ్ చూశారు, అన్నీ బాగానే ఉన్నాయి. డాక్టరు, "దుఃఖం ఇది, సమయం పడుతుంది" అంది. మాట నిజమే. కానీ ఆ సమయం గడవాలి కదా.

పక్క బిల్డింగ్‌లో ఉండే ఒక ఆంటీ శనివారాలు గుడిలో జరిగే ధ్యానానికి అమ్మను తీసుకెళ్లడం మొదలుపెట్టారు. ఆవిడ పాత వ్యాన్ నిండా అమ్మలే. గుంటూరు, కరీంనగర్, విశాఖ, అన్ని యాసలూ ఆ వ్యాన్‌లోనే. శ్వాస మీద ధ్యాస పెట్టి అరగంట కూర్చోవడం, తర్వాత ఎవరో ఒకరు ఫ్లాస్కులో తెచ్చిన కాఫీ, కబుర్లు. చలికాలం పోయేసరికి అమ్మ నిద్రపోతోంది, అన్నం తింటోంది. ఒకరోజు వంటింట్లో, నేను అడక్కుండానే, "కళ్లు మూసుకుంటే మీ నాన్నే కనిపిస్తున్నారు. కానీ ఇప్పుడు ఏడుపు రావట్లేదే" అంది. నాకు వచ్చింది ఏడుపు.

అందుకే ధ్యానాన్ని ఎవరైనా తేలిక చేసి మాట్లాడితే నాకు బాధగా ఉంటుంది. అయినా, అమ్మకు నయం చేసింది ఏది? కళ్లు మూసుకుని కూర్చోవడమా? వ్యాన్‌లో అమ్మల కబుర్లా? వారానికి ఒకరోజైనా చీర కట్టుకుని బయటికి వెళ్లడమా? కాలమా? ఈ పరిశోధనల్లో అసలు చిక్కు ఇక్కడే ఉంది. ధ్యానం చేసినవాళ్లను ఏమీ చెయ్యకుండా వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లతో పోలిస్తే ధ్యానం ఘనంగా కనిపిస్తుంది. అంతే శ్రద్ధగా, అంతే సమయం, అలాంటి గుంపులోనే ఇంకేదో నేర్పినవాళ్లతో పోలిస్తేనే ధ్యానం వాటా ఎంతో తేలుతుంది.

అలా గట్టిగా పోల్చిన పరిశోధనలను మాత్రమే ఏరి జాన్స్ హాప్కిన్స్ వాళ్లు 2014లో ఒక సమీక్ష వేశారు. 47 ట్రయల్స్, 3,515 మంది. ఆందోళన, డిప్రెషన్, నొప్పి కొంత తగ్గుతాయనడానికి ఓ మోస్తరు ఆధారం దొరికింది. నిద్రకు, బరువుకు, ఏకాగ్రతకు సరైన ఆధారం దొరకలేదు. వ్యాయామం కంటే, మందుల కంటే ధ్యానం మెరుగని ఎక్కడా తేలలేదు. చిన్న ఫలితం, నిజమైన ఫలితం. నాకిది నిరాశ కలిగించదు. రాత్రి ఒంటిగంటకు గుండె దడతో లేచే మనిషికి "కొంత తగ్గడం" ఎంత పెద్ద విషయమో మా ఇంట్లో చూశాను.

ఇంకా మంచి వార్త కూడా ఉంది. 2022లో జార్జ్‌టౌన్‌కి చెందిన ఎలిజబెత్ హోగ్ బృందం యాంగ్జయిటీ జబ్బుతో బాధపడే 276 మందిని రెండు గుంపులు చేసింది. ఒక గుంపుకు ఎసిటాలోప్రామ్, అంటే మనవాళ్లు లెక్సాప్రో అనే మాత్ర. ఇంకో గుంపుకు ఎనిమిది వారాల ధ్యానం కోర్సు. చివరికి రెండు గుంపుల్లోనూ జబ్బు తీవ్రత దాదాపు ఒకేలా తగ్గింది. ధ్యానం మాత్రకు తీసిపోలేదు. సైడ్ ఎఫెక్టులు ధ్యానం వైపు చాలా తక్కువ. ఇది మన స్టేజీ మీద గట్టిగా చెప్పుకోవాల్సిన మాట. అయితే ఆ కోర్సు వారానికి రెండున్నర గంటల క్లాసు, ఇంట్లో రోజూ ముప్పావు గంట సాధన, శిక్షణ ఉన్న టీచరు. ఫోన్‌లో యాప్ పెట్టుకుని ట్రాఫిక్‌లో పది నిమిషాలు వినడం కాదు. పైగా అందులో చూసింది యాంగ్జయిటీని, బీపీని కాదు.

బీపీ, గుండె సంగతి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2017లో విడిగా చూసింది. ధ్యానం వల్ల మేలు ఉండవచ్చు, ఖర్చు తక్కువ, ప్రమాదం తక్కువ, కాబట్టి మందులకూ ఆహార వ్యాయామాలకూ తోడుగా చేసుకోవచ్చు అంది. తోడుగా. బదులుగా కాదు.

ఈ తేడా మిగతావాళ్లకంటే మనకు ఎక్కువ ముఖ్యం. బే ఏరియాలో, షికాగోలో దక్షిణాసియా వాళ్ల గుండె ఆరోగ్యం మీదే నడుస్తున్న మసాలా స్టడీ అనే పరిశోధన గురించి మన హెల్త్ క్యాంపుల్లో చాలాసార్లు చెప్పాం. అందులో తేలిన షుగర్ లెక్క నూటికి 23 మంది. పోల్చి చూసిన తెల్లవాళ్లలో 6. మన ఇళ్లలో నలభైల్లోనే స్టెంట్ వేయించుకున్నవాళ్లు ఎందరో మీరూ లెక్కపెట్టుకోగలరు. బీపీ ఉందంటే పెళ్లి సంబంధం చెడిపోతుందన్నట్టు దాచుకుంటాం, మాత్రల డబ్బా చుట్టాలు వస్తే అలమారలో పెడతాం. అలాంటి మనకు, "మాత్ర అక్కర్లేదు, కళ్లు మూసుకోండి చాలు" అని ఎవరైనా మైకులో చెబితే ఎంత తీయగా ఉంటుందో నాకు అర్థమవుతుంది. బాబాయిగారు అమాయకుడు కాదు. తనకు జబ్బు లేదని ఎవరైనా అంటే వినాలని ఉన్న మనిషి.

ఇంకొక్క మాట. ఉద్యోగం పోయి, ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి హెచ్1బీ వీసా ఇచ్చే 60 రోజుల గడువు తరుముతుంటే, తిండి మానేసి గదిలో పడుకున్న కుర్రాళ్లను ఈ రెండేళ్లలో చూశాం. "ధ్యానం చెయ్యి తమ్ముడూ, టెన్షన్ పోతుంది" అని మనం సలహా ఇచ్చి వచ్చేస్తాం. కొద్దిమందికి, ముఖ్యంగా అప్పటికే మనసు బాగా దెబ్బతిన్నవాళ్లకు, గంటల తరబడి ఒంటరిగా కళ్లు మూసుకుని కూర్చుంటే భయం, దిగులు పెరగొచ్చు. 2020లో వచ్చిన ఒక సమీక్షలో ధ్యానం చేసినవాళ్లలో సుమారు నూటికి 8 మందికి ఇలాంటి ఇబ్బందులు కనిపించాయి. ధ్యానం చెడ్డదని కాదు. అలాంటి పిల్లాడి దగ్గర ముందు మనం కూర్చోవాలి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. చావు మాట నోటి వెంట వస్తే ఇక్కడి ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చెయ్యాలి, ఏ వేళైనా తీస్తారు.

మన కార్యవర్గానికి నా విన్నపం. దీపావళి కార్యక్రమంలో ధ్యానం ఉండాలి, తప్పకుండా ఉండాలి. అమ్మలను తీసుకెళ్లే ఆ ఆంటీని స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పండి. ధ్యానం గురించి మాట్లాడే అతిథిని పిలిచేటప్పుడు, మందులు మానమని చెప్పకూడదని ముందే మాట తీసుకోండి. ఆయన పక్కన మన డాక్టర్లలో ఒకరికి పది నిమిషాలు ఇవ్వండి, ప్రశ్నలు అడిగే సమయం ఉంచండి. హెల్త్ క్యాంప్ టేబుల్‌ని వరండాలోంచి తీసి, భోజనాల లైను మొదలయ్యే చోట పెట్టండి. విస్తరి అందుకోవడానికి ముందు ఒక నిమిషం చెయ్యి చాపడం ఎవరికీ కష్టం కాదు. బీపీ చూడటానికి నర్సుతో పాటు నేనూ ఉంటాను, ఇంకో ఇద్దరు వాలంటీర్లు కావాలి. రాగలిగినవాళ్లు పేరు ఇప్పుడే ఇవ్వండి.