మహారాజశ్రీ ట్రాక్ పాట గారికి

మహారాజశ్రీ ట్రాక్ పాట గారి దివ్యసముఖమునకు, తమ నీడన నాలుగేళ్లుగా అజ్ఞాతవాసం చేస్తున్న ఒక గాయని నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. తమరు మ్యూట్ చేసిన ప్రతిసారీ పూర్తి విశ్రాంతి దొరుకుతున్నందువల్ల నా గొంతు కూడా క్షేమమే.

ఇది బహిరంగ లేఖ కనుక, తమరెవరో తెలియనివారికి ఒక మాట చెప్పాలి. బాణీ కట్టిన తరువాత, పేరున్న గాయకులకు తీరిక దొరికేలోగా, దర్శకుడు వినడానికీ, డాన్స్ మాస్టరు అడుగులు కూర్చుకోవడానికీ ఎవరో ఒకరు పాటంతా పాడిపెట్టాలి. కృష్ణానగర్ హాస్టళ్లలో ఫోను తలగడ కింద పెట్టుకుని పడుకునే ఆ ఎవరో ఒకరం మేమే. నాకు తమ తొలి పిలుపు రాత్రి పదకొండున్నరకు వచ్చింది: "అమ్మా, అరగంటలో రాగలవా? బాగా వస్తే నీ గొంతే ఉంచేస్తాం." ఆ "బాగా వస్తే" అన్న మాట మీద మా అమ్మ వీధిలో సగం ఇళ్లకు మిఠాయి పంచింది.

1966లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు కోదండపాణి గారి సంగీతంలో తొలి సినిమా పాట పాడిన నాటి మద్రాసు పద్ధతి వేరు. వాద్యబృందమూ గాయకుడూ కలిసి పాడి వాయించవలసిన రోజులవి. ఒకరు తప్పితే అందరూ మళ్లీ మొదలుపెట్టాలి కనుక, ఆ భయానికైనా పాడేదెవరో ముందే తేల్చుకునేవారు. గొంతును వాద్యాల నుంచి విడదీసి, తీసేసి, మరొకటి అతికించే వీలు వచ్చాకే తమ ప్రభ వెలిగింది.

తమ కొలువులో నా ఘనకార్యం ఒకటి విన్నవిస్తాను. మొన్న ఒక యుగళగీతానికి ముంబై నుంచి పెద్ద గాయని వచ్చారు. స్వరం బంగారమే, కాదనను. కానీ "నీ కళ్ళు" అనవలసిన చోట ఆవిడ "నీ కల్లు" అనేసరికి, ప్రేమగీతం కాస్తా తాటితోపుకు వెళ్లిపోయింది. నా ట్రాకులోని ఆ ఒక్క ముక్కను ఇంజనీరు ఆవిడ హెడ్‌ఫోన్లలో పదకొండుసార్లు వినిపించాడు. పన్నెండోసారికి ళకారం పలికింది; పలికిన మరుక్షణం నన్ను మ్యూట్ చేశారు. ఆవిడ వెళుతూ నా భుజం తట్టి, "వెరీ నైస్ ట్రాక్" అన్నారు. నాకు కవరులో వెయ్యి రూపాయలూ, ఆటోకు మరో రెండు వందలూ ముట్టాయి.

2012 నాటి కాపీరైట్ చట్ట సవరణ గాయకులకూ రాయల్టీ హక్కునిచ్చిందనీ, దాన్ని వసూలు చేయడానికి మరుసటి ఏడే ఇస్రా అనే సంఘం ఏర్పడిందనీ చదివి నేను ఎంతో సంతోషించాను. అయితే ఆ రాయల్టీ జనం విన్న గొంతుకే గాని, "ట్రాక్ ఓల్డ్" అనే ఫోల్డరులో నిద్రించే గొంతుకు కాదు.

అన్యాయం చెప్పకూడదు, ఒక్కసారి తమరు నన్ను కరుణించారు. ఆ యుగళగీతంలోనే రెండో చరణానికి ముందు చిన్న హమ్మింగ్ ఉంది. ఆవిడకు విమానం వేళ కావడంతో నాదే ఉంచేశారు. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. ఆ రోజు జలుబుతో నా ఊపిరి ఎక్కడ తెగిందో, విడుదలైన పాటలోనూ సరిగ్గా అక్కడే తెగింది. ఆరు సెకన్లు. మా అమ్మ ఇంటికి వచ్చిన ప్రతివారినీ కూర్చోబెట్టి ఆ పాట పెడుతుంది. "ఇదిగో, ఇప్పుడొస్తుంది, మా అమ్మాయి" అనేలోగా చరణం మొదలైపోతుంది.

రేపు రాత్రికి మళ్లీ తమ పిలుపు వచ్చింది. జలుబు తగ్గకుండా చూసుకుని వస్తాను.

ఇట్లు,
తమ విధేయురాలు,
ట్రాక్ ఓల్డ్, మూడవ ఫైలు