మెచ్చుకోవడానికీ మొహమాటమేనా?

ఎదుటివారిని మెచ్చుకోవాలని ఉన్నా కాకా పడుతున్నామనుకుంటారేమోనని ఆగిపోతామని చాలామంది అంటుంటారు. నిజమే గానీ, ఆ భయం చాలావరకు మన ఊహే. మనస్తత్వ పరిశోధకులు అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2018లో ప్రచురించిన పరిశోధనలో కొందరి చేత తమకు మేలు చేసినవాళ్లకు కృతజ్ఞత చెబుతూ ఉత్తరాలు రాయించారు. అందుకున్నవాళ్లు ఇబ్బంది పడతారని రాసినవాళ్లు ఎక్కువగా ఊహించుకున్నారు, వాళ్లకు కలిగే సంతోషాన్ని తక్కువగా అంచనా వేశారు. మాటలు సరిగ్గా కుదిరాయా అని రాసేవాళ్లకు టెన్షన్. చదివేవాళ్లు చూసేది ఆప్యాయతనే.

నా మటుకు నాకు "సూపర్ అండీ" అన్నది ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసే మాట. అదే, "మీటింగ్‌లో కొత్తమ్మాయి మాటకు అందరూ అడ్డం పడుతుంటే, మీరు ఆపి ఆమెను పూర్తిగా చెప్పనిచ్చారు చూడండి, అది బాగా నచ్చింది" అంటే ముఖస్తుతి ఎలా అవుతుంది? గమనించినవాళ్లే చెప్పగల మాట అది. పని పడ్డప్పుడే పొగిడితే మాత్రం అనుమానం రాక మానదు (అప్పు అడగబోయేవాడి పొగడ్త ఎవరికి తెలియదు!). ఇంట్లోవాళ్ల సంగతి మరీను, "వాళ్లకు తెలుసులే" అని వదిలేస్తాం.

ఎదురుగా నోరు రాకపోతే రెండు ముక్కలు మెసేజ్ పెట్టండి. జవాబు రాలేదని మాత్రం నొచ్చుకోవద్దు, పొగడ్త అందుకోవడం కూడా కొందరికి మొహమాటమే.