చదువుకు చేవనిచ్చే సేవ

సాంకేతిక కళాశాలలో విద్యార్థి చేసే లెక్కకు కావలసిన సంఖ్యలన్నీ ప్రశ్నలోనే ఉంటాయి. దూలం పొడవు ఇస్తారు, దానిపై పడే బరువు ఇస్తారు, వంపు ఎంతో కనుక్కోమంటారు. ప్రయోగశాలలోనూ అంతే. ఎంత విలువ రావాలో పై తరగతివారి రికార్డు పుస్తకం ముందే చెప్పేస్తుంది. మూడు నాలుగేళ్లు ఇలా చదివి పట్టా పుచ్చుకున్న యువతీయువకులను కొలువులో చేరగానే కలవరపెట్టే విషయం ఒకటుంది: అక్కడ ప్రశ్నను ఎవరూ తయారుచేసి చేతికివ్వరు. అసలు సమస్య ఏదో తేల్చుకోవడమే సగం పని. ఆ సగం పనిని చదువుకునే రోజుల్లోనే నేర్పగల బలమైన మార్గం సమాజసేవా ప్రాజెక్టు. దాన్ని పాఠ్యప్రణాళిక అంచున వేలాడదీయకుండా నడిమధ్యకు తేవాలని, గంటలూ క్రెడిట్లూ కేటాయించి బోధనలో భాగంగా గుర్తించాలని మేము గట్టిగా కోరుతున్నాం.

ఒక చిన్న పనిని దగ్గరగా చూద్దాం. చక్రాల కుర్చీలో వచ్చే పిల్లవాడి కోసం ఒక పాఠశాలలో వాలుదారి కట్టాలి. సివిల్ విద్యార్థులు టేపు పట్టుకుని వెళ్తారు. నేలకూ వసారాకూ మధ్య ఎత్తు 60 సెంటీమీటర్లు. అనేక దేశాల నియమావళులు ఒప్పుకునే వాలు పన్నెండుకు ఒకటి, అంటే ఒక వంతు ఎత్తుకు పన్నెండు వంతుల పొడవు. ఆ లెక్కన దారి పొడవు 7.2 మీటర్లు ఉండాలి. కాగితం మీద ఇది ఒక్క గుణకారం. మెట్ల ముందు అంత జాగా లేదని అక్కడికి వెళ్తేనే తెలుస్తుంది. దారిని మలుపు తిప్పాలి. మలుపు దగ్గర కుర్చీ తిరగడానికి చదునైన చోటు వదలాలి. తలుపు బయటికి తెరుచుకునేదైతే పైన వదిలిన చోటు చాలదు. విద్యార్థుల్లో ఒకరు కుర్చీలో కూర్చుని, తన చేతులతోనే చక్రాలు తిప్పుకుంటూ ఎక్కి చూస్తే, జాగా కలిసివస్తుందని ఎనిమిదికి ఒకటి వాలు పెట్టడం ఎందుకు తగదో భుజాలే చెబుతాయి. వాన పడితే నీళ్లు ఏ మూల నిలుస్తాయో రోజూ ఆ వసారా ఊడ్చే మనిషికి తెలుసు. ఆమెను అడిగితే తప్ప ఆ సంగతి ఏ నక్షాలోనూ కనిపించదు. త్రికోణమితి, కాంక్రీటు, నీటి పారుదల, ఖర్చు అంచనా వేర్వేరు సెమిస్టర్లలో వేర్వేరు అధ్యాపకులు చెప్పిన పాఠాలు. ఆ పిల్లవాడు బడిలోకి వెళ్లడమనే ఒక్క అవసరం వాటన్నిటినీ ఒకచోటికి తెచ్చింది.

సమస్యను తేల్చుకోవడం ఎంత పెద్ద విద్యో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 2007లో జరిగిన ఒక తరగతి ప్రాజెక్టు చూపించింది. నెలలు నిండని శిశువులను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్‌ను తక్కువ ఖర్చులో రూపొందించమని విద్యార్థుల బృందానికి అప్పగించారు. వారిలో ఒకరు నేపాల్ వెళ్లి చూస్తే ఆసుపత్రిలో దానంగా వచ్చిన ఇంక్యుబేటర్లు ఖాళీగా ఉన్నాయి. నెలలు నిండని పిల్లలు పుట్టేది ఎక్కడో పల్లెల్లో. వారిలో చాలామంది ఆసుపత్రి దాకా చేరడమే లేదు. అంటే కావలసింది చౌకైన ఇంక్యుబేటర్ కాదు, కరెంటు నిలకడగా లేని ఇంట్లో సైతం శిశువు ఒంటి వేడిని కాపాడే సాధనం. అలా పుట్టిందే ‘ఎంబ్రేస్’ సంచి. వేడిచేసినప్పుడు కరిగి, మళ్లీ గడ్డకడుతూ కొన్ని గంటలపాటు 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడిని నిలిపే మైనం వంటి పదార్థం అందులో ఉంటుంది. పదార్థాల దశమార్పు గురించి ఆ విద్యార్థులకు ముందే తెలుసు. దాన్ని ఎక్కడ వాడాలో ప్రయాణం నేర్పింది. తరగతి ముగిశాక ఆ బృందంలోని వారే దాన్ని ఉత్పత్తిగా మార్చే సంస్థను స్థాపించారు.

ఇలాంటి పేరున్న ఉదాహరణలు చూసి ఇది పెద్ద విశ్వవిద్యాలయాలకే సాధ్యమని అనుకోనక్కర్లేదు. డిప్లొమా, వృత్తివిద్య చదివేవారికి ఈ అవసరం ఇంకా ఎక్కువ, అవకాశమూ ఎక్కువే. ఎలక్ట్రికల్ విద్యార్థులను ఒక పాత వసతిగృహంలో వైరింగు తనిఖీకి పంపితే చాలు. గోడకు మూడు రంధ్రాల సాకెట్టు ఉంటుంది. విప్పి చూస్తే ఎర్తు తీగ ఉండకపోవచ్చు. కరెంటు లీకేజీ 30 మిల్లీఆంపియర్లకు చేరితే సరఫరా ఆపేయాల్సిన బ్రేకరు ‘ఊరికే పడిపోతోంద’ని దాన్ని తప్పించి తీగలను నేరుగా కలిపేసి ఉండవచ్చు. మల్టీమీటరు పట్టుకున్న విద్యార్థి లోపం కనిపెట్టడంతో పని పూర్తికాదు. అది పడిపోవడం పాడవడం కాదనీ, ఎక్కడో కరెంటు కారుతోందని చెబుతోందనీ వార్డెనుకు అర్థమయ్యేలా వివరించాలి. సూత్రాలు వల్లించకుండా, భయపెట్టకుండా, చిన్నబుచ్చకుండా చెప్పాలి. ఏది ఈరోజే మార్చాలో, ఏది వచ్చే బడ్జెటు దాకా ఆగగలదో ఒక పేజీలో రాసివ్వాలి. భావవ్యక్తీకరణ నైపుణ్యాల పేరుతో కళాశాలలు పెట్టే ప్రత్యేక తరగతులు ఎన్ని విన్నా ఇంత పదునైన అభ్యాసం దొరకదు.

ఇదంతా మా అభిప్రాయం మాత్రమే కాదు. సేవతో ముడిపడిన బోధనపై వచ్చిన 62 అధ్యయనాలను, సుమారు 12 వేల మంది విద్యార్థుల ఫలితాలను కలిపి విశ్లేషించిన పరిశోధన 2011లో వెలువడింది. చదువులో ప్రతిభ, సామాజిక నైపుణ్యాలు, తమపైనా చదువుపైనా ఉన్న దృక్పథం, పౌరబాధ్యత అన్నిటా మెరుగుదల కనిపించింది. అయితే ఆ పరిశోధనలో కళాశాలలు ముఖ్యంగా గమనించాల్సింది వేరే ఉంది. సేవను పాఠ్యాంశంతో కలిపి, పనిని ఎంచుకోవడంలో విద్యార్థి మాటకు చోటిచ్చి, సమాజాన్ని భాగస్వామిని చేసి, చేసినదాని గురించి తర్వాత ఆలోచింపజేసినచోట ఫలితాలు మరింత బాగున్నాయి. ఒక ఆదివారం చీపుర్లు పంచి, ఫొటో తీసి, ధ్రువపత్రం ఇచ్చే తంతుకు ఈ నాలుగింటిలో ఒక్కటీ ఉండదు. పరిసరాలు ఊడ్వడం గౌరవమైన పనే. కానీ వెల్డింగు నేర్చినవారితో, నీటి నాణ్యత కొలవడం నేర్చినవారితో ఆ విద్యను వాడించకపోవడం అటు సమాజానికీ ఇటు విద్యార్థికీ నష్టమే.

సేవా ప్రాజెక్టు నేర్పే పాఠాల్లో మేము అన్నిటికంటే విలువైనదిగా భావించేది మరమ్మతు పాఠం. తరగతి గదిలో రూపకల్పనకే పట్టం. నమూనా ఒకసారి పనిచేస్తే మార్కులు పడతాయి, ప్రదర్శన ముగిశాక అది బీరువాలోకి చేరుతుంది. జనం వాడే వస్తువు సంగతి అలా కాదు. 1970వ దశకంలో రూపొంది అనేక దేశాలకు విస్తరించిన ఇండియా మార్క్-2 చేతిపంపునే తీసుకుందాం. గట్టి పంపు. అందులో తరచూ అరిగేది నీటి అడుగున సిలిండరులో పైకీ కిందికీ ఆడే పిస్టను వాషరు. వాషరు ఖరీదు స్వల్పం. కానీ దాన్ని చేరుకోవాలంటే పిస్టనుకు పైనున్న ఇనుప గొట్టాలన్నిటినీ ఒక్కొక్కటిగా పైకి లాగి విప్పాలి. దానికి ప్రత్యేక పనిముట్లు కావాలి, నలుగురు మనుషులు కావాలి, వారు వచ్చేదాకా పంపు మూగబోతుంది. తర్వాత వచ్చిన మార్క్-3లో గొట్టం వ్యాసాన్ని 65 మిల్లీమీటర్లకు పెంచారు. దాంతో గొట్టాలను కదపకుండానే, కడ్డీలతో పాటు పిస్టనును ఆ గొట్టంలోంచే బయటికి తీయవచ్చు. ఊరివారే కొద్దిపాటి శిక్షణతో వాషరు మార్చుకోగలరు. అయితే లావు గొట్టం బరువూ ఎక్కువే, ఖరీదూ ఎక్కువే.

పాడైన పంపు దగ్గర నిలబడి, గొట్టాలు లాగేవారి పక్కన తానూ ఓ చెయ్యి వేసిన మెకానికల్ విద్యార్థి ఈ తేడాను జన్మలో మరిచిపోడు. బాగుచేయడానికి వీలుగా వస్తువును తయారుచేయడమంటే ఏమిటో, అందుకు ఏమి వదులుకోవాలో, ఎవరి శ్రమను తగ్గించడానికి ఎవరు ఖర్చు భరించాలో అక్కడ కళ్లకు కడుతుంది. రేపు అతడు కార్ల కర్మాగారంలో చేరినా, వైద్య పరికరాల సంస్థలో చేరినా, సాఫ్ట్‌వేరు రాసినా ఈ చూపు వెంటే ఉంటుంది.

ఈ చూపు లేకపోతే ఏమవుతుందో కూడా ప్రపంచం చూసింది. పిల్లలు రంగులరాట్నం తిప్పి ఆడుకుంటుంటే నీళ్లు ట్యాంకులోకి ఎక్కే ‘ప్లేపంప్’ అనే ఏర్పాటును ఆఫ్రికా దక్షిణ దేశాల్లో ఎంతో ఉత్సాహంగా ప్రచారం చేశారు. 2010 నాటికి 4 వేల పంపులు పెట్టాలన్న లక్ష్యానికి 2006లో భారీ నిధులు ప్రకటించారు. ఆలోచన ఎవరికైనా ముచ్చటగానే తోస్తుంది. కానీ పిల్లలు ఎల్లవేళలా ఆడరు, నీళ్లు మాత్రం రోజంతా కావాలి. చాలాచోట్ల ఆ చక్రాన్ని చివరికి స్త్రీలే కష్టపడి తిప్పాల్సివచ్చింది. చెడితే బాగుచేసే దిక్కు లేక నెలల తరబడి ఆగిపోయినవి ఉన్నాయి. పాత చేతిపంపే నయమన్న ఊళ్లూ ఉన్నాయి. మంచి మనసు, డబ్బు, తెలివితేటలు మూడూ ఉండి కూడా వాడేవారిని ముందుగా అడగకపోవడం ఎంత పని చేసిందో ప్రతి సాంకేతిక విద్యార్థీ చదవాలి. ఎన్నిటిలో విఫలమయ్యామో తామే ఒప్పుకుంటూ కెనడాలోని ‘ఇంజినీర్స్ వితౌట్ బోర్డర్స్’ సంస్థ 2008 నుంచి వైఫల్య నివేదికలు ప్రచురించడం మొదలుపెట్టింది. ఆ ధైర్యం మన ప్రాజెక్టు నివేదికలకూ రావాలి. అన్నీ సవ్యంగా జరిగాయని రాసిన నివేదికకు నూటికి తొంభై మార్కులు వేసే అలవాటు విద్యార్థికి అబద్ధం నేర్పుతోంది.

సెమిస్టరు పదహారు వారాల్లో ముగుస్తుంది, ఊరి అవసరం ముగియదు. సేవా ప్రాజెక్టులు తరచూ దెబ్బతినేది ఇక్కడే. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం 1995లో మొదలుపెట్టిన ‘ఎపిక్స్’ కార్యక్రమం దీనికి చక్కని దారి చూపింది. మొదటి ఏడాది నుంచి చివరి ఏడాది దాకా విద్యార్థులు ఒకే బృందంలో కలిసి పనిచేస్తారు. పైవారు పట్టా పుచ్చుకుని వెళ్లినా కిందివారు అదే పనిని కొనసాగిస్తారు. స్థానిక సేవాసంస్థతో కళాశాల ఏళ్ల తరబడి బంధం నిలుపుకుంటుంది. పనికి క్రెడిట్లు ఉంటాయి. ఆ కార్యక్రమాన్ని తీర్చిదిద్దిన అధ్యాపకులకు అమెరికా జాతీయ ఇంజినీరింగ్ అకాడమీ 2005లో గోర్డన్ పురస్కారం ఇచ్చింది. పెద్దగా ఖర్చులేని ఈ ఏర్పాటును ఏ పాలిటెక్నిక్ అయినా అనుసరించవచ్చు. కొత్తగా వచ్చిన విద్యార్థి తొలి ఏడాది కొలతలు తీసుకుంటాడు, మరుసటి ఏడాది నక్షా గీస్తాడు, చివరి ఏడాది జట్టును నడిపిస్తాడు. నాయకత్వం గురించి వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

ఇక ఉద్యోగాల మాట. సేవ చేస్తే కొలువు ఖాయమని మేము చెప్పం, అలా ఎవరు చెప్పినా నమ్మవద్దు. కానీ ఇంటర్వ్యూలో ‘మీరు చేసిన ఒక పని గురించి చెప్పండి’ అన్నప్పుడు, అంగడిలో కొన్న ప్రాజెక్టు పట్టుకువచ్చిన అభ్యర్థి రెండో ప్రశ్నకే తడబడతాడు. ఏ వాషరు ఎందుకు అరిగిందో చూసినవాడు తడబడడు. ఏ నిర్ణయం తప్పింది, డబ్బు చాలనప్పుడు ఏమి తగ్గించారు, జట్టులో మాట కుదరనప్పుడు ఎలా తేల్చుకున్నారు అన్న ప్రశ్నలన్నిటికీ అతని దగ్గర సొంత జవాబులు ఉంటాయి. ఇంజినీరింగ్ పట్టాలకు దేశాల మధ్య గుర్తింపునిచ్చే 1989 నాటి వాషింగ్టన్ ఒప్పందం, సాంకేతిక నిపుణుల చదువుకు సంబంధించిన 2002 నాటి డబ్లిన్ ఒప్పందం కూడా జట్టుపని, భావవ్యక్తీకరణ, నైతికత, సమాజంపట్ల బాధ్యతలను పట్టభద్రుల లక్షణాల్లో చేర్చాయి. కొందరికైతే సేవే వృత్తిమార్గం చూపుతుంది. అమెరికాలోని ఎంఐటీ సాంకేతిక విద్యాసంస్థ విద్యార్థిగా టాంజానియాలో చక్రాల కుర్చీల పరిస్థితిని పరిశీలించిన ఏమస్ వింటర్, ఎగుడుదిగుడు దారుల్లో మీటల సాయంతో నడిచే కుర్చీ రూపకల్పనకు పూనుకున్నారు. చెడితే ఎక్కడైనా బాగుచేసుకునేలా దానికి సైకిలు భాగాలు వాడారు. ఆయన నేడు అదే సంస్థలో ఆచార్యులు.

అభ్యంతరాలు లేకపోలేదు. సిలబస్ ఇప్పటికే మోయలేనంత ఉందన్నది నిజం. అందుకే సేవను అదనపు భారంగా వేయకూడదు. ఏటా అవే చేసి పారేసే మినీ ప్రాజెక్టుల స్థానంలో పెట్టాలి. విద్యార్థులను జీతంలేని కూలీలుగా వాడుకుంటారన్న భయానికీ ఆధారం ఉంది. జీతమిచ్చి చేయించాల్సిన పనిని ప్రాజెక్టు పేరుతో చేయించుకోవడానికి ఏ కార్యాలయానికీ వీలివ్వకూడదు. ప్రాణభద్రతకు సంబంధించిన పనిమీద అర్హతగల ఇంజినీరు సంతకం లేకుండా ముందుకు వెళ్లకూడదు. అన్నిటికంటే ముఖ్యం, జనం ప్రయోగవస్తువులు కారు. వద్దనే హక్కు వారికి ఉంది. మార్కుల గడువు ముంచుకొచ్చిందని వారి ఇళ్లలో సగం పని చేసి వదిలేసే కళాశాలకు మరోసారి గడప తొక్కే అర్హత ఉండదు.

దీనికంతటికీ అధ్యాపకుడే ఇరుసు. వారానికి ఒక పూట బయట తిరిగి, వాడేవారితో మాట్లాడి, విద్యార్థుల లెక్కలు సరిచూసే అధ్యాపకుడి శ్రమను బోధన గంటల్లో చేర్చాలి, పదోన్నతికి లెక్కించాలి. మూల్యాంకనంలో కొంత భాగం వాడేవారి చేతికి ఇవ్వాలి. ప్రతి ప్రాజెక్టుకూ అప్పగింత పత్రం ఉండాలి: విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి, ఎవరికి శిక్షణ ఇచ్చారు, చెడితే ఎవరికి చెప్పాలి.

వచ్చే విద్యాసంవత్సరానికి కాలపట్టిక వేసే ప్రిన్సిపాళ్లకు మా సూచన ఇది. కొత్త ప్రాజెక్టుల కోసం వెతకడానికి ముందు, గత అయిదేళ్లలో తమ విద్యార్థులు కట్టినవీ బిగించినవీ ఎక్కడెక్కడ ఉన్నాయో జాబితా తీయించాలి. మొదటి ఏడాది విద్యార్థులను వాటి దగ్గరికి పంపాలి. ఏవి పనిచేస్తున్నాయి, ఏవి ఆగాయి, ఆగినవి ఎందుకు ఆగాయో వారు రాసుకుని రావాలి. ఆగిపోయిన వాటిని బాగుచేయడమే ఆ ఏటి తొలి ప్రాజెక్టు కావాలి.